ఏమీ తోచని రోజున

నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి. ఏ సభలోనైనా మొదటి వరుస ఖాళీగానే ఉంటుంది, మొహమాటపడకండి.

"సృజనకు ప్రేరణ ఎక్కడి నుంచి వస్తుంది" అనే అంశం మీద మాట్లాడమని నన్ను అడిగారు. సరేనన్నాను. ఆ తర్వాత మూడు వారాలపాటు ఏమి మాట్లాడాలో తోచలేదు. కాగితం ముందు పెట్టుకుని పైన "ప్రేరణ" అని రాసేవాణ్ని. "ప్రే"కి, "ర"కి మధ్య ఎడం కాస్త ఎక్కువైందనిపించేది. కొట్టేసి మళ్లీ రాసేవాణ్ని. ఇరవై ఏళ్లు డిజైన్ పని చేశాక మాటల కంటే మాటల మధ్య ఖాళీలే ముందు కనిపిస్తాయి. దాన్ని నైపుణ్యం అనాలో జబ్బు అనాలో మీరే చెప్పండి.

చివరికి ఆ తోచకపోవడం గురించే మాట్లాడదామని వచ్చాను.

మన భాషలో ఈ "తోచడం" అనే మాట చాలా వింతైనది. లోగో ఎలా వేయాలో తెలియక తల పట్టుకున్నప్పుడు "ఏమీ తోచడం లేదు" అంటాం. కారణం చెప్పలేని దిగులుతో గోడకేసి చూస్తూ కూర్చున్న రోజున ఎవరైనా ఫోన్ చేసి "ఎలా ఉన్నావు?" అని అడిగితే, అప్పుడు కూడా "ఏమీ తోచడం లేదు" అనే అంటాం. ఆలోచన రాకపోవడానికీ, మనసు బాగోలేకపోవడానికీ ఒకే మాట. ఈ రెండూ ఒకే ఇంట్లో ఉంటాయని మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టారన్నమాట.

ఇంకొకటి చూడండి. "నాకు తోచింది" అంటాం, "నేను తోచాను" అనం. "నాకు దిగులుగా ఉంది", "నాకు భయం వేసింది", "నాకు విసుగొచ్చింది." వీటన్నిటిలో మనం కర్తలం కాదు, వచ్చినదాన్ని అందుకున్నవాళ్లం మాత్రమే. మరి "గీశాను", "చెరిపాను", "పంపాను", "మళ్లీ గీశాను" అన్నప్పుడు? అక్కడ నిక్కచ్చిగా "నేను" వచ్చి కూర్చుంటుంది. ప్రేరణా దిగులూ రెండూ "నాకు" ఖాతాలో ఉన్నాయి, పని ఒక్కటే "నేను" ఖాతాలో ఉంది. ఈ సంగతి నాకు వ్యాకరణం పుస్తకంలో దొరకలేదు. వరసగా ఏడెనిమిది నెలలు ఏమీ తోచక, ఆ మాటనే పదే పదే అంటూ ఉండగా ఒకనాడు నా చెవికే వినిపించింది.

ముందు ప్రేరణ సంగతి చూద్దాం. డిజైన్ చదువుకున్నవాళ్లందరికీ ఒక కథ తెలుసు. 1976లో న్యూయార్క్‌లో ఒక టాక్సీ వెనక సీట్లో మిల్టన్ గ్లేజర్ అనే డిజైనర్ కూర్చుని ఉన్నారు. జేబులో ఉన్న కవరు ముక్క తీసి, ఎర్రటి క్రేయాన్‌తో ఒక అక్షరం, ఒక హృదయం బొమ్మ, మరో రెండు అక్షరాలు గీశారు. "ఐ లవ్ న్యూయార్క్" గుర్తు అలా పుట్టింది. ఆ కవరు ముక్క ఇప్పుడు అక్కడి ఆధునిక కళా మ్యూజియంలో ఉంది.

ఈ కథ చెప్పేవాళ్లు టాక్సీ దగ్గర మొదలుపెట్టి టాక్సీ దగ్గరే ముగిస్తారు. నేనూ చిన్నప్పుడు అలాగే విన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో బస్సెక్కినప్పుడల్లా జేబులో ఒక కాగితం, ఒక పెన్సిలు పెట్టుకునేవాణ్ని. ఏమీ రాలేదు. స్టాపు వచ్చేది.

ఆ కథలో వదిలేసే ముక్క ఒకటుంది. గ్లేజర్ అప్పటికే ఆ పనికి వేరే డిజైన్ చేసి ఇచ్చేశారు, దానికి ఆమోదం కూడా దొరికింది. పని అయిపోయింది, ఇక ఆలోచించాల్సిన అవసరం లేదు. అయినా బుర్ర దాన్ని వదిలిపెట్టలేదు. టాక్సీలో వచ్చినది రెండో ఆలోచన. ఆమోదం పొందిన మొదటిది లేకపోతే అది వచ్చేది కాదని నా నమ్మకం. పైగా అప్పటికి ఆయన స్టూడియో పని మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఆ హృదయం బొమ్మ ఎక్కడ పెట్టాలో, ఎంత పెద్దది పెట్టాలో ఆ చేతికి తెలుసు.

ఇలాంటిదే పౌలా షేర్ అనే ఇంకో డిజైనర్ కథ. 1998లో సిటీకార్ప్, ట్రావెలర్స్ అనే రెండు పెద్ద సంస్థలు కలిశాయి. ట్రావెలర్స్ గుర్తు ఎర్ర గొడుగు. కలిసిన సంస్థకు కొత్త గుర్తు కావాలి. మొదటి సమావేశంలోనే ఆమె కాగితపు రుమాలు మీద "సిటీ" అని ఇంగ్లిషు అక్షరాలు రాసి, "టి" అక్షరం నెత్తిన ఒక వంపు గీశారు. టి కింది భాగం గొడుగు పిడిలా ఉంటుంది కదా, వంపు పడగానే గొడుగు అయిపోయింది. క్షణాల్లో పని. దాని వెనక పాతికేళ్లకు పైగా రికార్డు కవర్లు, పోస్టర్లు, అక్షరాలతో కుస్తీ ఉంది. ఆ పాతికేళ్లు రుమాలు మీద కనపడవు, అంతే.

1926లో గ్రాహం వాలస్ అనే ఇంగ్లండ్ పండితుడు సృజనాత్మకమైన ఆలోచన నాలుగు దశల్లో నడుస్తుందని రాశారు. ముందు సామగ్రి కూర్చుకోవడం, తర్వాత దాన్ని పక్కన పెట్టి పొదగనివ్వడం, ఆ తర్వాత మెరుపు, చివరగా ఆ మెరుపు నిలుస్తుందో లేదో సరిచూసుకోవడం. ఈ నాలుగింటిలో డిజైనర్లకు బాగా నచ్చినది రెండోది. "ప్రస్తుతం ఆలోచన పొదుగుతున్నాను" అని పడుకోవచ్చు. నేను చాలాసార్లు పడుకున్నాను. గుడ్డు పెట్టకుండా ఎంతకాలం పొదిగినా కింద ఉండేది గడ్డే అని తెలియడానికి కొంతకాలం పట్టింది.

ప్రేరణ గురించి నాకు తెలిసినది ఇంతే. ఎక్కువ సేపు మాట్లాడదలుచుకున్నది రెండోదాని గురించి, అంటే దిగులు గురించి.

డిజైనర్ దిగులుకు ఒక ప్రత్యేకత ఉంది. లెక్కలు రాసేవాళ్ల పని తప్పో ఒప్పో తేలిపోతుంది. మన పని అలా తేలదు. "బాగుంది కానీ ఏదో తగ్గింది" అంటారు. ఆ ఏదో ఏమిటో అనేవాళ్లకూ తెలియదు, మనకూ తెలియదు. ఎనిమిదోసారి మార్చి పంపుతాం. ఫైలు పేరు "ఫైనల్", తర్వాత "ఫైనల్ 2", ఆ తర్వాత "నిజంగా ఫైనల్". నవ్వుతున్నారు కాబట్టి మీ కంప్యూటర్లలోనూ ఉన్నాయని అర్థమవుతోంది. ఎదుటివాళ్లు మన బొమ్మను తిప్పి పంపితే మనల్నే తిప్పి పంపినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే ఆ బొమ్మలో మన అభిరుచి ఉంది. అభిరుచిని తిరస్కరిస్తే నొచ్చుకోని మనిషిని నేను చూడలేదు. ఇక ఫోన్ తెరిస్తే లోకంలోని గొప్ప డిజైనర్లందరూ ఆ ఉదయమే తమ అత్యుత్తమ పనిని పూర్తిచేసి పెట్టినట్టు కనిపిస్తుంది. దాని గురించి మీకు నేను చెప్పాల్సింది లేదు.

ఈ బొమ్మ చూడండి. తెర మీద కొంచెం మసకగా ఉంది, క్షమించండి. ఆల్బ్రెక్ట్ డ్యూరర్ అనే జర్మన్ కళాకారుడు 1514లో రాగిరేకు మీద చెక్కి అచ్చువేశాడు. అసలు బొమ్మ మీ నోటు పుస్తకంలో ఒక పేజీ అంత ఉంటుంది, 24 సెంటీమీటర్ల ఎత్తు. పేరు "మెలెంకోలియా 1". రెక్కలున్న ఒక మనిషి చెంపకు చేయి ఆనించి కూర్చుని ఉంది. ఒళ్లో ఉన్న రెండో చేతిలో ఏముందో చూశారా? వృత్తలేఖిని, మన జామెట్రీ పెట్టెలో ఉండే కంపాస్. కాళ్ల దగ్గర రంపం, చిత్రిక, స్కేలు, మేకులు. గోడ మీద త్రాసు, ఇసుక గడియారం, గంట. నిచ్చెన కూడా ఉంది. పనిముట్టు లేదనడానికి లేదు. ఆడలేక మద్దెల ఓడు అనే వీలు కూడా లేకుండా చేశాడు. అన్నీ ఉన్నాయి, రెక్కలు కూడా ఉన్నాయి, కానీ లేచి ఎగరడం లేదు. ఐదు వందల ఏళ్ల కిందటే ఎవరో నా గదిలోకి తొంగిచూసి నన్ను చెక్కినట్టు అనిపించింది, మొదటిసారి చూసినప్పుడు.

పైన కుడివైపు గోడ మీద అంకెల చదరం ఉంది. అడ్డంగా, నిలువుగా, మూలగా ఎటు కూడినా 34 వస్తుంది. అడుగు వరస మధ్యలో 15, 14 పక్కపక్కన పెట్టి సంవత్సరం చెప్పాడు. అదే ఏడాది ఆయన తల్లి చనిపోయింది. దానికీ దీనికీ ఎంత సంబంధం ఉందో పండితులు తేల్చుకుంటారు. నేను చూసేది వేరే సంగతి. దిగులు గురించి బొమ్మ వేస్తున్న మనిషి ఆ దిగులు మధ్యలో కూర్చుని 16 అంకెలను సరిగ్గా అమర్చాడు, గీతకు గీత ఆనించి వేల గీతలు చెక్కాడు. రాగిరేకు మీద తప్పు గీత పడితే చెరపడం అంత తేలిక కాదు. బొమ్మలోని మనిషి పని మానేసింది కానీ, బొమ్మ వేసిన మనిషి మానలేదు.

మధ్యలో ఒక చిన్న పిల్లవాడు ఉన్నాడు గమనించారా? వాడికీ రెక్కలున్నాయి. ఎవరినీ పట్టించుకోకుండా పలక మీద ఏదో గీస్తున్నాడు. ఆ పెద్ద మనిషి కంటే నాకు వీడే ఇష్టం.

దిగులు ఉంటేనే గొప్ప పని వస్తుందని ఒక నమ్మకం ప్రచారంలో ఉంది. యువకులు దీన్ని చాలా ప్రేమగా దాచుకుంటారు, నేనూ దాచుకున్నాను. ఉదాహరణగా చిత్రకారుడు వాన్ గో పేరు చెబుతారు. ఆయన 1889 మే నుంచి 1890 మే వరకు ఫ్రాన్స్‌లో సాన్ రెమీ అనే ఊళ్లోని మానసిక చికిత్సాలయంలో ఉన్నాడు, ఆ ఒక్క ఏడాదిలో దాదాపు 150 చిత్రాలు వేశాడు. నిజమే. కానీ జబ్బు తిరగబెట్టిన రోజుల్లో ఆయన చాలాసార్లు బొమ్మలు వేయలేకపోయాడు. కొన్నిసార్లు ఆ స్థితి వారాల తరబడి ఉండేది. ఆ చిత్రాలు చాలావరకు జబ్బు సద్దుమణిగిన మధ్య కాలాల్లో వేసినవి. జబ్బుకు ఇస్తున్న ఘనతను కోలుకున్న రోజులకు ఇవ్వాలని నా వాదన. ఆయన జబ్బు లేకుండా ఉంటే ఇంకా ఎన్ని వేసేవాడో అని ఎవరూ అడగరు.

ఇప్పుడు నా సొంత గొడవ ఒకటి. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

కొన్నేళ్ల కిందట ఒక రాత్రి, బాగా కుంగిపోయి ఉన్నప్పుడు, నా పాత స్కెచ్‌ల ఫోల్డరు తెరిచాను. ఒక్కొక్కటీ చూస్తుంటే ప్రతిదీ చెత్తగా కనిపించింది. ఒకటో రెండో కాదు, అన్నీ. ఆ క్షణంలో నాకు ఏదో సత్యం బోధపడినంత స్పష్టంగా ఉంది. "ఇన్నాళ్లూ నన్ను నేను మోసం చేసుకున్నాను, ఇప్పుడు కళ్లు తెరుచుకున్నాయి" అనిపించింది. ఫోల్డరు మొత్తం తీసేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను, ఆ విషయంలో మాత్రం శుభ్రంగా పనిచేశాను. ఏడాది తర్వాత ఒక పుస్తకం పనికి సరిగ్గా ఆ ఫోల్డరులోని ఒక అక్షరాల వరస కావాల్సి వచ్చింది. గుర్తు తెచ్చుకుని గీయబోయాను, రాలేదు. చేతులు కాలాక ఆకులు కూడా దొరకలేదు.

దిగులుగా ఉన్నప్పుడు దిగులు జ్ఞాపకాలే తేలిగ్గా గుర్తుకొస్తాయని మనస్తత్వ శాస్త్రం చాలాకాలంగా చెబుతోంది. అంటే ఆ రాత్రి నేను చూసింది స్కెచ్‌లను కాదు. నా మనసు స్కెచ్‌ల వేషం వేసుకుని వచ్చింది, దాన్ని చూశాను. ఇది చదివి తెలుసుకోవడం ఒకటి, నమ్మకం కుదరడం ఇంకొకటి. నాకు నమ్మకం కుదిరింది వేరే విధంగా.

ఫోల్డరు పోగొట్టుకున్న తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను. రోజూ కాగితం మీద గీసినదాని వెనక తేదీ, ఆ రోజు మనసు ఎలా ఉందో ఒకే మాటలో రాసేవాణ్ని. "బాగుంది." "మబ్బు." "అసలు బాగోలేదు." ఎక్కువ రాస్తే అదే ఒక వ్యాసంగం అవుతుందని ఒక్క మాటతో ఆపాను. నాలుగైదు నెలలకు గుట్ట పోగయింది. ఒక ఆదివారం వాటిలోంచి 40 కాగితాలు తీసి, పేకముక్కల్లా కలిపి, ముందు వైపు మాత్రమే చూస్తూ "ఇది మంచి రోజుది, ఇది చెడ్డ రోజుది" అని రెండు దొంతర్లు వేశాను. చాలా ధీమాగా వేశాను. ఇన్నేళ్ల అనుభవం, నా గీత నాకు తెలియదా?

తిప్పి చూస్తే సుమారు సగం తప్పు. నాణెం ఎగరేసినా అంతే వచ్చేది.

అందులో ఒకటి ఇప్పటికీ బల్ల ముందు గోడకు అంటించి ఉంది. "ళ" అక్షరం, రెండు సున్నాలు ఒకదాని పక్కన ఒకటి దొర్లుతున్నట్టు గీసింది, చాలా హుషారుగా ఉంటుంది. మంచి రోజు దొంతరలో అన్నిటికంటే పైన పెట్టాను. వెనక "అసలు బాగోలేదు" అని ఉంది. ఆ రోజు ఎలా ఉందో నాకు ఇప్పుడు కొంచెం గుర్తుంది. గీస్తున్నంతసేపూ దండగ అనుకుంటూనే గీశాను.

ఇది పరిశోధన కాదు, ఒక మనిషి ఒక ఆదివారం చేసిన పని. నా వరకు అది చాలు. ఆ తర్వాత నాకు నేనే ఒక నిబంధన పెట్టుకున్నాను. మనసు బాగోలేని రోజున పని చేయవచ్చు, పని మీద తీర్పు చెప్పకూడదు. గీయవచ్చు, తీసేయకూడదు. ఉద్యోగం మానేస్తున్నానని ఉత్తరం రాయవచ్చు, పంపకూడదు. అలాంటి ఉత్తరాలు నా దగ్గర మూడున్నాయి. ఒకటి భాషాపరంగా చాలా బాగా వచ్చింది, పంపకపోవడం ఒక్కటే బాధ.

మా దగ్గర కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఒకసారి "సార్, మీక్కూడా ఇలా అవుతుందా?" అని అడిగింది. అవుతుందని చెబితే ఆమె మొహంలో కనిపించిన ఊరట చూసి నాకు ఆశ్చర్యం వేసింది. ఇన్నేళ్లు మేము దీన్ని ఎంత జాగ్రత్తగా దాచామో అప్పుడు తెలిసింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మెలిక ఉంది. నేను ఇంతవరకు చెప్పినదంతా రోజులతో వచ్చి రోజులతో పోయే దిగులు గురించి. ఇంకొకటి ఉంది, అది దానంతట అది పోదు. నాకు ఒకసారి అలా అయింది. రెండు నెలలు నన్ను నేను "సృజన ఎండిపోయింది" అని సమాధానపరచుకున్నాను. చివరికి ఇంట్లోవాళ్లు బలవంతం చేస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ప్రేరణ గురించి, కళ గురించి, నా తరం డిజైనర్ల సంక్షోభం గురించి పది నిమిషాలు ధారాళంగా మాట్లాడాను. ఆమె అంతా విని, "నిద్ర ఎలా పడుతోందండీ?" అని అడిగారు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తోందని చెప్పాను. "ఆకలి?" లేదు. "ఇంతకు ముందు ఇష్టంగా చేసిన పనులు?" ఏవీ చేయాలనిపించడం లేదు. "ఎన్నాళ్లుగా?" రెండు నెలలు. ఆమె రక్తపరీక్షలు రాశారు. థైరాయిడ్ తగ్గినా, రక్తహీనత ఉన్నా, బి12 లోపించినా మనిషి ఇలాగే నీరసపడి కుంగిపోవచ్చునట. నా సంక్షోభంలో కళకు అంత పెద్ద పాత్ర లేకపోవచ్చని వినడం మొదట అవమానంగా అనిపించింది. తర్వాత హాయిగా అనిపించింది.

రెండు వారాలు దాటి, రోజులో ఎక్కువ భాగం, దాదాపు ప్రతిరోజూ ఇలా ఉంటే దాన్ని కుంగుబాటు అనే జబ్బుగా అనుమానించి చూపించుకోవాలని వైద్యులు చెబుతారు. ఇక బతకడం ఎందుకన్న ఆలోచన వస్తే రెండు వారాలు కూడా ఆగకూడదు, ఆ రోజే ఎవరికైనా చెప్పాలి, ఆ రోజే డాక్టర్‌ను కలవాలి. దీన్ని స్కెచ్ పుస్తకంతో నయం చేసుకోవచ్చని నేను చెప్పను. నాకు మందులు ఇచ్చారు, కొంతకాలం వాడాను, దాచాల్సిన సంగతేమీ కాదు.

ఆ చికిత్సలోనే ఒక విషయం తెలిసింది. 1970లలో పీటర్ లెవిన్సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఇంకొందరు కలిసి ఒక పద్ధతిని ముందుకు తెచ్చారు. మనసు బాగైతే పనులు చేస్తామని అందరం అనుకుంటాం కదా, వాళ్లు దాన్ని తిరగేశారు. చిన్న చిన్న పనులను ముందే రోజులో రాసిపెట్టుకుని, మనసు సహకరించినా లేకపోయినా వాటిని చేసుకుపోవాలి. మనసు వెనకనుంచి మెల్లగా వస్తుంది. కుంగుబాటు చికిత్సలో దీన్ని ఇప్పటికీ వాడుతున్నారు. "నేను" ఖాతా నుంచి "నాకు" ఖాతాలోకి కొంత జమ చేయవచ్చన్నమాట. ఉదయం లేచి మొహం కడుక్కోవడం దగ్గర మొదలుపెట్టాను. రెండో వారానికి పెన్సిలు చెక్కాను. పెన్సిలు చెక్కడాన్ని కూడా ఒక పనిగా రాసుకున్నాను, చెక్కి టిక్కు పెట్టుకున్నాను.

ఆ టిక్కు దగ్గరి నుంచే నేను చెప్పదలుచుకున్న చివరి సంగతి మొదలవుతుంది. టిక్కు గుర్తు చూస్తే నాకు తలకట్టు గుర్తొచ్చింది.

అప్పట్లో ఒక తెలుగు ఫాంటు పని చేతిలో ఉంది, సగంలో ఆగిపోయింది. పెద్ద ఆలోచనలు చేసే ఓపిక లేదు కాబట్టి రోజుకు ఒక అక్షరం, అందులో ఒకే ఒక్క లోపం సరిచేద్దామనుకున్నాను. మొదట "ప" తీసుకున్నాను. "ప"కి తలకట్టు ఒంటిని తాకదు, కాస్త పైన విడిగా నిలుస్తుంది. "వ"కి తాకుతుంది. ఈ రెండక్షరాలను కన్ను వేరు చేసేది చాలావరకు ఆ సన్నని ఖాళీతోనే. కంప్యూటర్ తెర మీద పెద్దదిగా చూస్తే నా "ప" అందంగా ఉంది. ముతక కాగితం మీద 8 పాయింట్ల సైజులో ముద్రించి చూశాను. ఎనిమిది పాయింట్లంటే మూడు మిల్లీమీటర్లకు లోపు. నమూనా కోసం "పని" అనే మాట పెట్టాను, ఇంకేమీ తోచక. అచ్చులో అది "వని" అయింది.

భూతద్దం పెట్టి చూశాను. అక్షరం గడిని వెయ్యి భాగాలుగా విభజించి గీస్తాం. అందులో నేను ఆ ఖాళీకి ఇచ్చింది 40 భాగాలు. 8 పాయింట్ల దగ్గర అది 0.11 మిల్లీమీటరు. ముతక కాగితం సిరాను పీల్చుకుని రెండు వైపుల నుంచీ కొంచెం కొంచెం ఉబ్బింది, ఖాళీ పూడిపోయింది. తప్పు సిరాది కాదు, అది సిరా స్వభావం. సిరా పాకుతుందని తెలిసి కూడా పాకనట్టు గీసింది నేను.

ఈ సమస్యకు జవాబు ఎప్పుడో ఉంది. 1978లో అమెరికాలో ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ కంపెనీ తన డైరెక్టరీల కోసం మాథ్యూ కార్టర్ చేత "బెల్ సెంటెన్నియల్" అనే ఫాంటు గీయించింది. చవక కాగితం, వేగంగా తిరిగే యంత్రాలు, చాలా చిన్న అక్షరాలు. కార్టర్ ఏం చేశారంటే, గీతలు కలిసే మూలల్లో లోతైన గాట్లు పెట్టారు. ఆ అక్షరాలను పెద్దవి చేసి చూస్తే ఎలుకలు కొరికినట్టు ఉంటాయి. ఇంత పేరున్న డిజైనర్ ఇలా ఎందుకు చేశారని అనిపిస్తుంది. అచ్చువేస్తే సిరా వచ్చి ఆ గాట్లలో నిండుతుంది, అక్షరం నిండుగా, స్పష్టంగా వస్తుంది. సిరా రాకుండా ఆపాలని చూడలేదు. వస్తుందని తెలుసు కాబట్టి దానికి చోటు వదిలారు.

నేనూ నా "ప" ఖాళీని 40 నుంచి 70కి పెంచాను, మూలల్లో చిన్న గాట్లు పెట్టాను. తెర మీద అందం తగ్గింది. కాగితం మీద "పని", పనిలాగే వచ్చింది. ఆ సాయంత్రం, రెండు నెలలు దాటాక మొదటిసారి నాకు ఆకలి వేసింది. ఒక అక్షరం బాగుపడితే ఆకలి వేస్తుందని కాదు, మందులు కూడా అప్పటికి పనిచేస్తూ ఉండాలి. రెండూ ఒకే రోజున జరిగాయని మాత్రం చెబుతున్నాను.

అప్పటి నుంచి పనికి గడువు ఒప్పుకునేటప్పుడు కూడా గాట్లు పెడుతున్నాను. పది రోజుల పనికి పదమూడు రోజులు అడుగుతాను. ఆ మూడు రోజులు దేనికని అడిగితే "సిరా పాకుతుంది" అని చెప్పలేను కాబట్టి "పరీక్షలకు" అంటాను. అబద్ధం కూడా కాదు. దిగులు రాకపోతే ఆ మూడు రోజులు నిజంగానే పరీక్షలకు వాడతాను. వస్తే వాటిలోకి పారనిస్తాను. ఆ రోజులకు వేరే పనులు ముందే దాచిపెట్టి ఉంచుతాను: అంకెల మధ్య ఎడాలు సరిచూడడం, ఫైళ్లకు పేర్లు పెట్టడం, ఒత్తులు పక్క అక్షరాన్ని తాకుతున్నాయేమో చూడడం. "క్ష్మి" రాసి కింది వరస "కీ" గుడిదీర్ఘాన్ని గుద్దుకోకుండా చూసుకోవడానికే ఒక పూట పడుతుంది. వీటికి ప్రేరణ అక్కర్లేదు, కన్ను చాలు. ఇంకొకటి, సాయంత్రం పని ఆపేటప్పుడు తేలికైన ముక్క ఒకటి కావాలనే మిగిల్చి లేస్తాను. పొద్దున్నే ఏమీ తోచకపోయినా చేయి పెట్టడానికి ఏదో ఒకటి ఉండాలి.

ఇది అందరికీ కుదురుతుందని నేను అనను. గడువు అడిగే చొరవ లేని ఉద్యోగాలు ఉన్నాయి, మొదటి ఐదేళ్లు నాదీ అలాంటిదే. అప్పుడు గాట్లు ఇంకా చిన్నవిగా ఉంటాయి, రోజులో అరగంటో, గంటో. దాని గురించి అడిగితే విడిగా మాట్లాడదాం.

ఇప్పుడు నా బల్ల మీద "హ" ఉంది. "ప" కుటుంబంలో ష, స, హ అన్నిటికీ తలకట్టు విడిగానే నిలవాలి. ష, స అయ్యాయి. "హ"కి కుడివైపు ఒక తోక అదనంగా ఉంటుంది, అది పైకి లేచి తలకట్టు పక్కకు వస్తుంది, ఖాళీ ఎక్కడ వదలాలో ఇంకా తోచలేదు. నిన్న ఆరు రకాలుగా గీశాను. వెనక తేదీ వేశాను. మనసు ఎలా ఉందో కూడా రాశాను కానీ అది ఇప్పుడే చెప్పను.

ప్రశ్నలుంటే అడగండి.